డెంగీ, చికున్‌గున్యా కలిపి మోడల్ కట్టాలంటే ముందు ఏం తేల్చుకోవాలి?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ మ్యాథ్స్ చివరి ఏడాదిలో ఉన్నారు, డెంగీ, చికున్‌గున్యా కలిసి వ్యాపించడం మీద ప్రాజెక్టు చేస్తున్నారు. జబ్బు వ్యాప్తిని సమీకరణాలతో చూపే ఎస్‌ఐఆర్ మోడల్‌ను రెండుసార్లు రాసి పక్కపక్కన పెడితే సరిపోతుందా అన్నది మొదటిది. తెలిసిన ల్యాబ్ నుంచి జ్వరం కేసుల లెక్క దొరికింది, అందులో రెండూ పాజిటివ్ వచ్చినవాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువున్నారు, కాబట్టి ఒక జబ్బు రెండోదాన్ని పెంచుతోందని రాసేయొచ్చా అన్నది రెండోది.

మొదటిదానికి నా జవాబు: మీ విషయంలో దాదాపు సరిపోతుంది, రెండు జబ్బులనూ మోసేది ఒకే దోమ కాబట్టి దోమను మాత్రం రెండింటికీ ఉమ్మడిగా పెట్టాలి. రెండోదానికి: ఇప్పుడే రాయకండి. జ్వరాల డేటాతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ రెండో ప్రశ్న దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లు కూడా బోల్తా పడటం చూశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక్క జబ్బుకు ఎస్‌ఐఆర్ అంటే మూడు గళ్లు: ఇంకా జబ్బు రానివాళ్లు, ఇప్పుడు జబ్బుతో ఉన్నవాళ్లు, తగ్గిపోయినవాళ్లు. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రాసిన పేపర్‌తో ఇది స్థిరపడింది. తమ సమీకరణాలను వాళ్లు సరిచూసుకున్నది 1905-06 నాటి బొంబాయి ప్లేగు మరణాల లెక్కలతోనే. రెండు జబ్బులనేసరికి గళ్లు ఆరు కావు, తొమ్మిది. డెంగీ వచ్చి తగ్గి, ఇప్పుడు చికున్‌గున్యాతో కీళ్లు పట్టేసి మంచంలో ఉన్న మనిషికి ఒక గడి కావాలి, రెండూ ఒకేసారి ఉన్నవాడికి ఇంకొకటి, రెండూ తగ్గినవాడికి మరొకటి. డెంగీ వైరస్‌లోనే నాలుగు రకాలున్నాయి. వాటిని విడివిడిగా లెక్కపెట్టి చికున్‌గున్యాను కూడా చేర్చారంటే గళ్లు 243 అవుతాయి. ప్రాజెక్టు అక్కడితో ఆగిపోతుంది.

అయితే గళ్లు ఎక్కువైనంత మాత్రాన మోడల్‌కు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. రెండు జబ్బులకూ ఒకదాని ఊసు ఒకదానికి లేకపోతే, జననమరణాలు వదిలేసిన మామూలు ఎస్‌ఐఆర్‌లో ఆ తొమ్మిది గళ్లలో దేని వాటానైనా రెండు విడి వాటాలను గుణించి చెప్పేయొచ్చు. అంటే తొమ్మిది సమీకరణాలు రాసి, కంప్యూటర్‌లో నడిపి, చివరికి మూడేసి గళ్ల మోడల్స్ రెండు చెప్పేదే చెబుతారు. మోడల్‌లో అసలు విషయమంతా ఒక జబ్బు రెండోదాని మీద ఎక్కడ చెయ్యి వేస్తుంది అన్న దాంట్లోనే ఉంది. సమీకరణాల కంటే ముందు తేల్చుకోవాల్సింది అదే.

చెయ్యి వేయడానికి చోట్లు కొన్నే ఉంటాయి. మొదటి జబ్బు ఉన్నవాడికి రెండోది తేలిగ్గా అంటుకోవచ్చు. లేదా రెండూ ఉన్నవాడు ఎక్కువగా అంటించవచ్చు. కోలుకోవడం ఆలస్యం కావచ్చు. ప్రాణం పోయే అవకాశం పెరగొచ్చు. వీటిలో ఏదైనా తిరగబడనూ వచ్చు, ఒకటి వచ్చినవాడికి రెండోది కొన్నాళ్లు రాకపోవచ్చు. క్షయ, హెచ్‌ఐవీ జంటను తీసుకోండి. అక్కడ సంగతి స్పష్టం. ఒంట్లో క్షయ క్రిమి నిద్రపోతూ ఉన్న మామూలు మనిషికి జీవితం మొత్తం మీద జబ్బు బయటపడే అవకాశం 5 నుంచి 10 శాతం. చికిత్స తీసుకోని హెచ్‌ఐవీ రోగికి దాదాపు అంత అవకాశం ఏడాదికే ఉంటుంది. కాబట్టి ఆ మోడల్‌లో హెచ్‌ఐవీ చెయ్యి వేసేది నిద్రలో ఉన్న క్రిమి లేచే రేటు మీద. టీబీ తేలిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ టెస్టు చేయాలన్న నియమం కూడా అందుకే. 1918 ఫ్లూలో సంగతి వేరు. ఆ మరణాల్లో ఎక్కువ భాగానికి ఫ్లూ వెనకాలే వచ్చిన బాక్టీరియా న్యుమోనియా కారణం, కాబట్టి అక్కడ చెయ్యి పడింది మరణాల రేటు మీద. డెంగీ రకాల మధ్య ఇంకా విచిత్రం: ఒక రకం వచ్చి తగ్గాక కొన్ని నెలలు మిగతా రకాల నుంచి కాస్త రక్షణ ఉంటుంది, ఆ తర్వాత రెండో రకం వస్తే ముదిరే ప్రమాదం పెరుగుతుంది. ఒకే జంట, కాలాన్ని బట్టి ప్లస్సు మైనస్సు అవుతోంది.

మరి డెంగీ, చికున్‌గున్యా? ఇవి వేర్వేరు కుటుంబాల వైరస్‌లు. ఒకటి ఫ్లేవీవైరస్, ఇంకోటి ఆల్ఫావైరస్. ఒకదాని రోగనిరోధకత రెండోదానికి చెప్పుకోదగ్గ అడ్డు కాదు. ఒంట్లో ఒకటి రెండోదాన్ని గట్టిగా పెంచుతుందనడానికి కూడా నమ్మదగిన ఆధారం లేదు. కాబట్టి మీ మొదటి మోడల్‌లో ఈ ప్రభావాలను కొలిచే పరామితులన్నీ (సమీకరణాల్లో మనం పెట్టే అంకెలు) సున్నా పెట్టండి. వాటిని సున్నా కాదనిపించే బాధ్యత డేటాది.

ఇక్కడే మీ ల్యాబ్ లెక్క దగ్గరకొద్దాం. మీరు అంకెలు రాయలేదు, కాబట్టి నేనే ఊహించిన అంకెలతో చెబుతాను. 1000 మంది జ్వరం పేషెంట్లు, 200 మందికి డెంగీ, 100 మందికి చికున్‌గున్యా. సంబంధం లేకపోతే రెండూ ఉన్నవాళ్లు 1000లో 20 మంది ఉండాలి. మీ దగ్గర 35 వచ్చిందనుకుందాం. ఇరవై ఎక్కడ, ముప్పై అయిదు ఎక్కడ అని సంబరపడేలోపు ఆ వెయ్యి మందిని నెలల ప్రకారం విడదీయండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చినవాళ్లు 500 మంది, వాళ్లలో డెంగీ 175, చికున్‌గున్యా 85 అనుకోండి. మిగతా నెలల 500 మందిలో 25, 15. ఇప్పుడు మళ్లీ గుణించండి. వానాకాలం చివర్లో రావాల్సినవాళ్లు దాదాపు 30, మిగతా నెలల్లో ఒక్కరు కూడా నిండరు. మొత్తం 30.5. మీ 35కూ దీనికీ మధ్య తేడా మామూలు హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. మొత్తంగా చూసినప్పుడు కనిపించిన స్నేహం రెండు వైరస్‌ల మధ్యది కాదు, రెండింటికీ వానతో ఉన్నది.

నెలలతో ఆగకండి, బస్తీల వారీగా కూడా విడదీయండి. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే చోట ఇంటింటికీ డ్రమ్ములుంటాయి, మూత సరిగా లేని సంపులుంటాయి. ఏడిస్ ఈజిప్టై దోమకు కావాల్సింది అదే. ఆ వాడలో రెండు జబ్బులూ ఎక్కువే ఉంటాయి, అపార్ట్‌మెంట్ల కాలనీలో రెండూ తక్కువే ఉండొచ్చు. ఈ తేడాను వదిలేసి నగరం మొత్తాన్ని ఒకే రాశిగా పోస్తే లేని సంబంధం పుట్టుకొస్తుంది.

ఇంకా టెస్టుల గొడవ ఉంది. అసలు చాలామంది పేపర్లు పాడయ్యేది ఇక్కడ. ఎన్‌ఎస్1 (డెంగీ వైరస్ ప్రొటీన్‌ను పట్టే టెస్టు) జ్వరం మొదలైన తొలి రోజుల్లో పాజిటివ్ వస్తుంది. ఐజీఎం (జబ్బు వచ్చాక ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీ) అయిదో రోజు దాటాక కనిపించడం మొదలై, తర్వాత రెండు మూడు నెలల దాకా రక్తంలో ఉండిపోవచ్చు. చికున్‌గున్యా ఐజీఎం ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. అంటే జులైలో డెంగీ వచ్చి తగ్గిన మనిషికి సెప్టెంబరులో చికున్‌గున్యా వస్తే రిపోర్టులో రెండు ఐజీఎంలూ పాజిటివ్. మీరు అతన్ని 'రెండూ ఒకేసారి ఉన్న' గడిలో వేశారు, నిజానికి అతను 'డెంగీ తగ్గినవాడు, చికున్‌గున్యా ఉన్నవాడు' గడిలో ఉండాలి. మోడల్‌లో ఈ రెండు గళ్లూ వేరు కాబట్టి డేటాలో కూడా వేరు చేయాలి. ఎన్‌ఎస్1 లేదా ఆర్‌టీపీసీఆర్ పాజిటివ్‌లను మాత్రమే 'ఇప్పుడు జబ్బు ఉంది' అని లెక్కలోకి తీసుకోండి. అంకె పడిపోతుంది, పడిపోనివ్వండి.

దీనికి వ్యతిరేక దిశలో లాగేది కూడా ఒకటుంది. మన దగ్గర డెంగీ పాజిటివ్ అనగానే ఇంటిల్లిపాదికీ ప్లేట్‌లెట్ల టెన్షన్ మొదలవుతుంది. పొద్దున లక్షా ఇరవై, సాయంత్రం తొంభై వేలు, బొప్పాయి ఆకు రసం, ఇక చికున్‌గున్యా టెస్టు చేయించాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? డెంగీ నెగటివ్ వచ్చి, కీళ్ల నొప్పులు వదలకపోతేనే రెండో టెస్టు రాస్తారు. ఇలా ఒకటి తేలగానే టెస్టింగ్ ఆగిపోతే రెండూ ఉన్నవాళ్లు లెక్కలోకి రారు. పైగా జ్వరం లేనివాళ్లు ల్యాబ్ మెట్లే ఎక్కరు. అంటే రెండూ లేని జనం మీ పట్టికలో బాగా తక్కువ, అప్పుడు రెండు జబ్బులూ ఒకదాన్నొకటి తరిమేస్తున్నట్టు కనిపిస్తుంది. ఒకే డేటాలో ఒక లోపం సంబంధాన్ని పెంచి చూపిస్తుంది, ఇంకో లోపం తగ్గించి చూపిస్తుంది. రెండూ సరిగ్గా ఎంతెంతో తెలియకుండా 35 అన్న అంకెకు అర్థం చెప్పలేం.

దీర్ఘకాలం ఉండే జబ్బులతో పనిచేసే వాళ్ల కోసం ఒక్క మాట. అక్కడ రెండింటికీ ఏ సంబంధం లేకపోయినా, ఏ టెస్టు లోపం లేకపోయినా, రెండూ ఉన్నవాళ్లు గుణకారం కంటే ఎక్కువే తేలతారు. వయసు పెరిగేకొద్దీ రెండూ అంటుకునే అవకాశం కలిసి పెరుగుతుంది, పుట్టిన పసివాళ్లలో రెండూ సున్నా. కాబట్టి జననమరణాలున్న మోడల్‌లో సాధారణ కై-స్క్వేర్ టెస్టు (రావాల్సిన లెక్కనూ వచ్చిన లెక్కనూ పోల్చే పరీక్ష) చేసి 'సంబంధం ఉంది' అనకూడదు.

ఇప్పుడు దోమ. ఈ లెక్కకూ మన ఊరికీ పాత బంధమే ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. ఆయనకు 1902లో నోబెల్ వచ్చిన సంగతి అందరికీ తెలుసు, తర్వాతి ఏళ్లలో సమీకరణాలతో కుస్తీ పట్టిన సంగతి తక్కువమందికి తెలుసు. దోమలన్నీ చావాల్సిన పనిలేదు, ఒక హద్దు కిందికి తగ్గితే మలేరియా తనంతట తానే పోతుందని లెక్కతో చూపించాడు. తర్వాత జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే మలేరియా శాస్త్రవేత్త దాన్ని మెరుగుపరిచాడు. మీరు వాడాల్సింది ఈ రాస్-మెక్‌డొనాల్డ్ పద్ధతినే, దోమను మాత్రం ఏడిస్‌గా మార్చుకుంటారు.

అందులో ఆర్ నాట్, అంటే ఇంకా ఎవరికీ జబ్బు రాని ఊళ్లో ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి అంటుతుందన్న సంఖ్య, ఇలా వస్తుంది: మనిషికి ఎన్ని దోమలు, దోమ రోజుకు ఎన్నిసార్లు కుడుతుందో దాని వర్గం, అటూ ఇటూ అంటుకునే అవకాశాలు, వైరస్ ముదిరేదాకా దోమ బతికుండే అవకాశం, ఆ తర్వాత అది బతికే రోజులు, మనిషి అంటించే రోజులు, వీటన్నిటి గుణకారం. నెక్స్ట్ జనరేషన్ మ్యాట్రిక్స్ (మనిషి నుంచి దోమకు, దోమ నుంచి మనిషికి అంటడాన్ని విడివిడి తరాలుగా లెక్కపెట్టే పద్ధతి)తో చేస్తే దీని వర్గమూలం వస్తుంది. కంగారు పడకండి, 1 అన్న హద్దు మారదు. కానీ రెండు పేపర్ల ఆర్ నాట్‌లు పోల్చేటప్పుడు ఎవరు ఏది వాడారో చూసుకోండి.

దోమ ఉమ్మడి కదా, ఒక దెబ్బకు రెండు జబ్బులూ ఒకేలా తగ్గుతాయని చాలామంది రాస్తారు. తగ్గవు. వైరస్ దోమలో ముదరడానికి డెంగీకి 10 రోజులు, చికున్‌గున్యాకు 4 రోజులు పట్టిందనుకుందాం. వేడిని బట్టి ఇవి మారతాయి, చికున్‌గున్యాది తక్కువన్నది మాత్రం తెలిసిన విషయమే. దోమ ఒక రోజు గడిచి బతికుండే అవకాశం 0.9 అయితే, 10 రోజులు దాటేవి నూటికి 35, 4 రోజులు దాటేవి 66. ఫాగింగ్ వల్ల ఆ 0.9 కాస్తా 0.8 అయిందనుకోండి. ఇప్పుడు 10 రోజులు దాటేవి 11, 4 రోజులు దాటేవి 41. దానికి తోడు దోమ సగటు ఆయుష్షు కూడా సగం కంటే తక్కువైంది. రెండూ కలిపి చూస్తే డెంగీ ఆర్ నాట్ ఏడో వంతుకు పడిపోతే, చికున్‌గున్యాది మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది. అదే శుక్రవారం డ్రైడే అని నీళ్ల డ్రమ్ములు, కూలర్లు వంపిస్తారే, అది చేసే పని వేరు. గుడ్డు నుంచి దోమ కావడానికి దాదాపు వారం పడుతుంది కాబట్టి వారానికోసారి వంపితే దోమల సంఖ్య తగ్గుతుంది, వాటి ఆయుష్షు మారదు. అప్పుడు రెండు ఆర్ నాట్‌లూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. మీ ప్రాజెక్టుకు నిజంగా పనికొచ్చే ప్రశ్న ఇది, నన్నడిగితే కోఇన్‌ఫెక్షన్ (రెండు జబ్బులూ ఒకేసారి రావడం) కంటే ఇదే మంచి టాపిక్. 2006లో దేశమంతా 13 లక్షలకు పైగా అనుమానిత చికున్‌గున్యా కేసులు వచ్చినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందుగా దెబ్బతిన్న రాష్ట్రాల్లో ఒకటి. డెంగీ మాత్రం ప్రతి ఏటా వస్తూనే ఉంది. ఒకే దోమ ఉన్న ఊళ్లో ఒకటి ఉప్పెనలా వచ్చి పోతూ ఇంకోటి ఏటేటా ఉండిపోవడం ఎందుకన్నది ఆలోచించదగ్గదే. దాంట్లో పెద్ద వాటా జనంలో రోగనిరోధకతది. చికున్‌గున్యా ఒకసారి వస్తే రక్షణ చాలా ఏళ్లుంటుంది, డెంగీకి నాలుగు రకాలు కాచుకుని ఉన్నాయి.

ఆర్ నాట్ గురించి మరో హెచ్చరిక. రెండు జబ్బుల మోడల్‌కు ఆర్ నాట్ కట్టమని మీ గైడ్ తప్పకుండా అడుగుతారు. కడితే వచ్చేది రెండు విడి ఆర్ నాట్‌లలో పెద్దది, అంతే. మీరు ఎంత కష్టపడి పెట్టిన పరస్పర ప్రభావం పరామితి కూడా అందులో కనిపించదు. కారణం సులభం: జబ్బులు లేని స్థితి దగ్గర రెండు జబ్బుల రోగుల వాటాలూ అతి చిన్నవి, రెండూ కలిసే పదం రెండు అతి చిన్న సంఖ్యల గుణకారం, లీనియరైజ్ చేయగానే (చిన్న సంఖ్యల గుణకారాలను వదిలేయగానే) ఎగిరిపోతుంది. ఆరు పేజీల మ్యాట్రిక్స్‌లు రాసి, పరస్పర ప్రభావం గురించి ఏమీ చెప్పని ఆర్ నాట్‌తో ముగిసే థీసిస్‌లు లైబ్రరీల్లో బోలెడున్నాయి.

దానికి బదులు కట్టాల్సింది దండయాత్ర సంఖ్య: ఒక జబ్బు ఇప్పటికే ఊళ్లో పాతుకుని ఉండగా రెండోది కాలు పెట్టగలదా? పేర్లు లేని రెండు జబ్బులు తీసుకుందాం, రెండూ తగ్గాక మళ్లీ రాగలిగేవే. మొదటిదాని ఆర్ నాట్ 2, కాబట్టి అది జనంలో సగం మందిలో స్థిరపడుతుంది. రెండోదాని ఆర్ నాట్ 0.8, ఒంటరిగా వస్తే ఆరిపోతుంది. కానీ మొదటి జబ్బు ఉన్నవాళ్లకు రెండోది రెండింతలు తేలిగ్గా అంటుతుందనుకోండి. అప్పుడు దండయాత్ర సంఖ్య 0.8ని 0.5, 1ల మొత్తంతో గుణిస్తే వచ్చే 1.2. నిలదొక్కుకుంటుంది! ఇప్పుడు వెనక్కి వెళ్లండి. మొదటి జబ్బు ఎంతమందిలో ఉంటే ఈ సంఖ్య సరిగ్గా 1 అవుతుంది? పావు వంతు మందిలో. అంటే మొదటి జబ్బును 50 శాతం నుంచి 25 కిందికి దించితే, రెండోదాన్ని ముట్టుకోకుండానే అది బలహీనపడి పోవాలి. ఇలాంటి వాక్యం ఒక్కటి రాయగలిగితే మోడల్ పనిచేసినట్టు.

అయితే ప్రభావం రెండు వైపులా, గట్టిగా ఉంటే ఈ లెక్క కూడా నమ్మించి ముంచుతుంది. రెండు జబ్బులూ విడిగా 1 కంటే కాస్త తక్కువలో ఉన్నా, ఒకసారి పెద్ద సంఖ్యలో కలిసి మొదలైతే ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటాయి. రోగుల సంఖ్య గీత నెమ్మదిగా ఎక్కదు, ఒక్కసారి దూకుతుంది, దించాలన్నా ఎక్కిన చోట దిగదు. అందుకే మొదట్లో ఎంతమంది రోగులున్నారన్నది మార్చి మార్చి నడిపి చూడాలి. ఒకే ఆరంభ సంఖ్యతో ఒక్క గ్రాఫ్ గీసి వదలొద్దు.

కోడ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. పైథాన్ అయినా ఆర్ అయినా ఒకటే. అసలు డేటా ముట్టుకునే ముందు మీరే పరామితులు ఎంచుకుని, ఆ మోడల్‌తోనే నకిలీ వారపు కేసులు తయారు చేయండి. తర్వాత ఆ పరామితులు మర్చిపోయినట్టు, ఫిట్ చేసి వెనక్కి రాబట్టే ప్రయత్నం చేయండి. పరస్పర ప్రభావం సున్నా పెట్టి తయారు చేసిన డేటా నుంచి 1.5 అని వస్తే, మీ పద్ధతికి దాన్ని కనిపెట్టే శక్తి లేదని అర్థం. హైదరాబాద్ డేటాతో అదే జరుగుతుందని నా అంచనా, ఎందుకంటే వాన ప్రభావం, దోమల సంఖ్య, టెస్టుల సంఖ్య అన్నీ ఒకే నెలల్లో కలిసి ఎక్కి కలిసి దిగుతాయి. ఒకదాని వాటా ఇంకోదానికి అంటగట్టడం కంప్యూటర్‌కు చాలా సులువు. చిన్న బస్తీకి మోడల్ కడుతుంటే డిఫరెన్షియల్ ఈక్వేషన్లు వదిలి, ఒక్కో మనిషికి జబ్బు అంటడాన్ని పాచికలు వేసినట్టు నడిపే యాదృచ్ఛిక సిమ్యులేషన్ వాడండి. నలుగురు రోగులున్న చోట 0.3 మంది రోగి అనేదానికి అర్థం లేదు.

చివరిగా ల్యాబ్ వాళ్లను మళ్లీ అడగండి. ఒక్కో పేషెంటుకు జ్వరం మొదలైన తేదీ, శాంపిల్ తీసిన తేదీ, ఏయే టెస్టులు చేశారు, ప్రతి దాని ఫలితం, వయసు, ఏ మున్సిపల్ సర్కిల్ నుంచి వచ్చారు, ఇవి చాలు. పేర్లు, ఫోన్ నంబర్లు తీసుకోవద్దు, వాళ్లిస్తామన్నా వద్దనండి, కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా ముందే రాయించుకోండి. అన్నిటికంటే ముఖ్యం నెగటివ్‌ల లెక్క. అది ఇవ్వలేమంటే, రెండు టెస్టులూ చేయించుకున్న వాళ్లెందరో చెప్పలేమంటే, మీ రెండో ప్రశ్నను పక్కన పెట్టేసి ఉమ్మడి దోమ మోడల్‌తోనే ప్రాజెక్టు పూర్తి చేయండి. ఫాగింగ్, డ్రమ్ములు వంపడం, రెండింటినీ పోల్చే ఆ ఒక్క భాగమే యాభై పేజీలు నిండుతుంది.